తెర తీసినచో చెవి మారును

ఇంటికి విలువైన లౌడుస్పీకరును కొనదలచిన శ్రోతకు ఒక సందేహము కలుగును: నమ్మదగినది యంత్రపు కొలతయా, తన చెవియా?

కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ స్పీకర్లను తెరచాటున నుంచి శ్రోతలచే తీర్పు చెప్పించెను. 1986లో ప్రకటితమైన ఫలితము విశేషమైనది. మంద్రము మొదలు తారము వరకు హెచ్చుతగ్గులు లేక పలికి, ప్రక్కలకును అదే తీరున ధ్వనిని ప్రసరింపజేయునవే పెక్కుమందికి నచ్చినవి. కొలతలో మేలైనదానినే చెవియు మెచ్చినది.

1994లో టూల్, షాన్ ఆలివ్‌లు స్పీకర్లను కంటికి కనబడనిచ్చి వినిపింపగా, శ్రోతల తీర్పులు మారినవి. రూపము, పరిమాణము, పేరు చెవిని లోబరచుకొన్నవి.

కావున తగవు కొలతకును చెవికిని కాదు, చెవికిని కంటికిని. కొనుటకు ముందు రెంటి ధ్వనిని సమస్థాయిలో నుంచి, ఏది మ్రోగుచున్నదో తెలియకుండ వినుడని మా మనవి.