వన్స్ మోర్ అన్నాం సరే...
మొన్న మా ఊరి తిరునాళ్లలో ‘సత్య హరిశ్చంద్ర’ నాటకం వేస్తున్నారంటే తాతయ్యకు తోడుగా వెళ్లా. ఫోన్‌లో ఛార్జింగ్ ఫుల్. బోర్ కొడితే రీల్స్ ఉన్నాయిగా అన్న ధీమా!

ముందు చాపలేసుకుని పెద్దవాళ్లు, వెనకాల బైకుల మీద మా బ్యాచ్. నటుడు రాగం తీయగానే మావాళ్లు ఒకటే నవ్వు. ‘స్కిప్ బటన్ ఎక్కడరా?’ అని ఒకడి కామెంట్.

కాటిసీను వచ్చింది. హార్మోనియం మెల్లగా ఎత్తుకుంది. కాటికాపరి వేషంలో ఉన్న హరిశ్చంద్రుడు పద్యం అందుకున్నాడు. శ్మశానంలో ఎక్కువ తక్కువలు లేవనే పద్యం. పూర్తవగానే ముందు వరసల్లోంచి ‘వన్స్ మోర్’! రెండోసారి పాడేసరికి మా బైకుల దగ్గరా నవ్వులు ఆగిపోయాయి. మూడోసారి అడిగింది మేమే.

‘‘నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిదిరా. ఈ పద్యాలు మాత్రం జాషువా గారివి. నటులే తెచ్చి ఈ సీనులో కలుపుకున్నారు’’ అన్నాడు తాతయ్య.

1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కులం పేరుతో ఎన్ని అవమానాలు పడ్డారో స్కూల్లో చదువుకున్నా. అదే కవి పద్యానికి ఇప్పుడు ఊరంతా, ఏ వీధివాళ్లనే తేడా లేకుండా చప్పట్లు కొడుతోంది. ఒళ్లు జలదరించింది.

తెల్లారుజామున ఇంటికి నడుస్తుంటే దారిలో శ్మశానం కనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది... మా ఊళ్లో ఇప్పటికీ రెండు శ్మశానాలు. ఆ మాటే తాతయ్యతో అన్నా. ఆయన చాలాదూరం ఏమీ మాట్లాడలేదు.

పద్యానికి వన్స్ మోర్ అన్నాం సరే. అందులోని మాట మాత్రం మేం ఒక్కసారైనా విన్నామా?