ఆర్థర్ డెంట్ ఎవరు? ఒక రేడియో నాటకం, ఒక ప్రస్తావన

2005 డిసెంబరు 25న బి.బి.సి. టెలివిజన్‌లో 'డాక్టర్ హూ' అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహికలో 'ది క్రిస్మస్ ఇన్వేజన్' అనే కథ ప్రసారమైంది. సికోరాక్స్ అనే గ్రహాంతర జాతి భూమి మీదికి దండెత్తి వస్తుంది. కథానాయకుడైన డాక్టరు అప్పుడే కొత్త రూపం దాల్చి, ఆ బడలికతో చాలాసేపు ఒళ్లు తెలియకుండా పడి ఉంటాడు. లేచాక, పైజమా మీద ఇంట్లో తొడుక్కునే పొడుగు అంగీ వేసుకొని, ఆ వేషంతోనే శత్రునాయకుడితో కత్తియుద్ధం చేస్తాడు. గెలిచిన తరువాత తన వాలకం అచ్చం ఆర్థర్ డెంట్‌లా ఉందని, ఆయన మంచి మనిషని ఒక మాట అంటాడు. అంతే. ఆర్థర్ డెంట్ ఎవరో కథలో ఎవరూ వివరించరు.

ఆర్థర్ డెంట్ ఒక రేడియో నాటకంలో పాత్ర. డగ్లస్ ఆడమ్స్ రాసిన 'ది హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' మొదటి భాగాన్ని బి.బి.సి. రేడియో 4 కేంద్రం 1978 మార్చి 8న రాత్రి పదిన్నరకు ప్రసారం చేసింది. రోడ్డు కోసం ఆర్థర్ ఇల్లు కూల్చడానికి యంత్రాలు వచ్చిన రోజునే, అంతరిక్షంలో మరో రహదారి కోసం భూమినే కూల్చేస్తారు. ఆర్థర్ మాత్రం మిత్రుడి పుణ్యమా అని బతికి బయటపడతాడు. 1980 నాటికి పన్నెండు భాగాలయ్యాయి. 1979 నుంచి నవలలు, 1981లో టెలివిజన్ రూపం వచ్చాయి. ఆడమ్స్ 2001లో మరణించాడు. అయినా 2004, 2005, 2018 సంవత్సరాలలో రేడియో దాన్ని మళ్లీ అందుకుంది. మొత్తం ముప్ఫైరెండు భాగాలు. నలభై ఏళ్ల తరువాత కూడా ఆర్థర్‌గా పలికింది సైమన్ జోన్సే. ఒక చిన్న విశేషం: రేడియోకు బట్టలు కనిపించవు. ఆ పొడుగు అంగీ అందరి కళ్లలో నిలిచింది టెలివిజన్ వచ్చాకనే.

ఈ రెండు కల్పనాలోకాల నడుమ బంధుత్వం పాతదే. 1979లో ఆడమ్స్ 'డాక్టర్ హూ'కు రచనా సంపాదకుడు. ఆ ఏటి 'డెస్టినీ ఆఫ్ ది డాలెక్స్' కథలో డాక్టరు శిథిలాల కింద చిక్కుకొని, తీరిగ్గా ఊలన్ కొలుఫిడ్ అనే రచయిత పుస్తకం చదువుతుంటాడు. ఈ కొలుఫిడ్ ఆడమ్స్ రేడియో నాటకంలో కల్పించిన రచయితే. ఒక కల్పనలోని రచయిత రాసిన గ్రంథం మరో కల్పనలోని వ్యక్తి చేతిలో ఉందన్నమాట.

ఇప్పుడు భాషాశాస్త్ర దృష్టితో చూద్దాం. 2005 నాటి మాటలో రెండు పనులు జరిగాయి. మొదటిది, సంజ్ఞానామం విశేషణమైంది. 'ఆర్థర్ డెంట్' అంటే ఇక్కడ మనిషి కాదు, ఒక తీరు: పైజమాతో విశ్వమంతా తిరిగే నిస్సహాయపు మామూలు మనిషి తీరు. రెండవది, ఆ వెంటనే అదే పేరు తిరిగి మనిషైపోయింది. మంచివాడని పొగడాలంటే అతడు పరిచయస్థుడై ఉండాలి. రేడియో శ్రోతలకు పాత్ర అయినవాడు డాక్టరుకు ఎరిగిన మనిషి. ఈ మలుపులోనే హాస్యం ఉంది.

ఇంకో సంగతి మా మట్టుకు మాకు అంతకన్న ముఖ్యం. రెండు కథల్లోనూ అనువాద సాధనం ఉంది. ఆడమ్స్ నాటకంలో 'బేబెల్ ఫిష్' అనే చేపను చెవిలో పెట్టుకుంటే ఏ భాషైనా అర్థమవుతుంది. డాక్టరుకు ఆ పని అతని వాహనం 'టార్డిస్' చేసిపెడుతుంది. ఈ కథలో అతడు స్పృహలో లేనంతసేపూ సికోరాక్స్ మాటలు ఎవరికీ నేరుగా అర్థం కావు. అతడు లేవగానే అందరికీ ఇంగ్లీషులో వినిపిస్తాయి. అయితే అంతటి సాధనం కూడా ఆర్థర్ డెంట్ పేరును సికోరాక్స్‌లకు విడమరచి చెప్పలేదు. పదాలు భాష మారతాయి. ప్రస్తావన మారదు, దాన్ని అందుకోవాలంటే ఆ నాటకం విని ఉండాలి, లేదా విన్నవాళ్ల మధ్య పెరిగి ఉండాలి.

మన దగ్గరా ఇంతే. 'కుంభకర్ణుడి నిద్ర' అంటే హోసూరులోనైనా, బరంపురంలోనైనా, యానాంలోనైనా తెలుగువారికి వివరణ అక్కరలేదు. పురాణం ఎల్లలు దాటి అందరితో నడిచింది. 'వాడొట్టి గిరీశం' అంటే మాత్రం అలా కాదు. 1892లో విజయనగరంలో మొదటిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం'లోని పాత్ర అది. విజయనగరానికి దగ్గరి బరంపురం ఇళ్లలో ఆ పేరు వినబడవచ్చు. హోసూరు ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థి మాత్రం మా తరగతిలో ఈ మాట విని, "గిరీశంగారు మీ బంధువులాండీ?" అని అడిగాడు. తరగతంతా నవ్వింది. మేమూ నవ్వాము, తరువాత సిగ్గుపడ్డాము. అతని ఇంట్లో మూడు తరాలుగా తెలుగు మాట్లాడుతున్నారు. చదివిన బడి మాత్రం తమిళబడి. ఆ వాక్యంలో అతనికి తెలియని తెలుగు పదం ఒక్కటీ లేదు.

నిజానికి అతడు చేసింది తప్పేమీ కాదు. తెలియని పేరు వినబడితే దాన్ని మనిషిగానే తీసుకుంటాం. ఆర్థర్ డెంట్ పేరు ఎన్నడూ వినని ప్రేక్షకులు కూడా ఎవరో పాత స్నేహితుణ్ణి తలచుకుంటున్నాడనే అనుకొని ఉంటారు. కథ వాళ్లకు ఎక్కడా ఆగలేదు, నవ్వు ఒక్కటే అందలేదు. మా విద్యార్థికి ఆ నవ్వు అందకపోవడమే కాదు, అది అతని మీదికే వచ్చింది.

మరుసటి వారం 'కన్యాశుల్కం' మొదటి అంకాన్ని తరగతిలో పాత్రలవారీగా గట్టిగా చదివించాము. గిరీశం మాటలు అతనే చదివాడు, హోసూరు యాసలోనే.