పాలు తోడుకునే వేళ

గోరువెచ్చని పాలలో చెంచాడు పెరుగు కలిపి, గిన్నెను కదపకుండా ఒక మూలన ఉంచితే, తెల్లవారేసరికి ఆ పాలు గట్టి పెరుగవుతాయన్నది తెలుగింట ఎవరూ పాఠంగా చదివి నేర్చుకోని సంగతి. ఉన్నత పాఠశాలలో మాత్రం ఈ ఒక్క గిన్నె రెండు పుస్తకాల మధ్య చీలిపోతుంది: తోడులోని సూక్ష్మజీవుల గురించి జీవశాస్త్రం చెబుతుంది, పెరుగులోని పులుపు గురించి భౌతిక రసాయన శాస్త్రం చెబుతుంది, ఆ పులుపుకూ పాలు గట్టిపడటానికీ ఉన్న సంబంధం మాత్రం రెండు పీరియడ్ల నడుమ ఎక్కడో జారిపోతుంది. పెరుగు ఎందుకు పుల్లగా ఉంటుందో, ఎందుకు గట్టిగా ఉంటుందో విడివిడిగా చెప్పగలిగిన విద్యార్థి, ఈ రెండింటికీ కారణం ఒకటేనని గుర్తించకపోవడంలో అతని తప్పేమీ లేదు.

పాలు చూడటానికి ఒకే ద్రవంలా కనిపించినా, అందులో మూడు రకాల కలయికలు ఒకేసారి ఉంటాయి. ఆవుపాలలో నూటికి 87 పాళ్లు నీరే. గేదెపాలలో వెన్న ఎక్కువ గనుక నీటి వంతు కొంత తగ్గుతుంది. ఆ నీటిలో లాక్టోజ్ అనే పాలచక్కెర దాదాపు 5 శాతం పూర్తిగా కరిగి ఉంటుంది; వెన్న మాత్రం కరగకుండా సన్నని బిందువులుగా తేలుతూ, పాలు నిలకడగా ఉన్నప్పుడు పైకి చేరి మీగడ కడుతుంది. మూడవది కేసిన్ అనే ప్రొటీన్. ఇది కరగదు, తేలదు. కాల్షియం, ఫాస్ఫేట్లతో కలిసి చిన్న చిన్న ఉండలుగా నీటి అంతటా చెదిరి ఉంటుంది. మిల్లీమీటరులో పది వేలవ వంతు మాత్రమే ఉండే ఈ ఉండలు, వెన్న బిందువులతో పాటు, తమ మీద పడిన వెలుగును అన్ని వైపులకూ చెదరగొడతాయి కాబట్టే పాలు తెల్లగా కనిపిస్తాయి. రసాయన శాస్త్ర పాఠాలలో ద్రావణం, ఎమల్షన్, కొలాయిడ్ అని వేర్వేరు పేర్లతో వచ్చే మూడూ ఒక్క గ్లాసు పాలలో దొరుకుతాయన్న మాట.

తోడు వేయడమంటే ఈ పాలలోకి కోట్లాది బ్యాక్టీరియాను వదలడం. బ్యాక్టీరియా అనేది ఒకే కణంతో బతికే జీవి. దాని కణంలో, మనిషి కణంలో ఉన్నట్టుగా పొరతో చుట్టిన కేంద్రకం ఉండదు గనుక దానిని కేంద్రకపూర్వ జీవి అంటారు. పెరుగులో ఉండేవి ప్రధానంగా లాక్టోబాసిల్లస్, లాక్టోకోకస్, స్ట్రెప్టోకోకస్ జాతులకు చెందినవి. ఇంటి తోడులో ఏది ఎంత వంతు ఉంటుందన్నది ఇంటికొక తీరు కాబట్టి, ఒక ఇంటి పెరుగు రుచి పక్కింటి పెరుగుకు రాదు. తగిన వెచ్చదనం దొరికితే ఒక్కొక్క కణం అడ్డంగా నడిమికి చీలి రెండవుతుంది. అరగంటకొకసారి చొప్పున ఇది జరిగిందనుకుంటే అయిదు గంటలలో పది సార్లు రెట్టింపై, ఒక్క కణం 1,024 కణాలవుతుంది. చెంచాడు తోడు గిన్నెడు పాలకు చాలడంలోని లెక్క ఇదే.

పెరగడానికీ చీలడానికీ శక్తి కావాలి, ఆ శక్తి పాలచక్కెర నుంచి వస్తుంది. లాక్టోజ్ అణువులో 12 కార్బన్, 22 హైడ్రోజన్, 11 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. బ్యాక్టీరియా మొదట దీనిని ఒక నీటి అణువు సాయంతో గ్లూకోజ్, గాలక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలుగా విడగొట్టి, తరువాత గ్లూకోజ్‌ను సగానికి విరిచి, ఆ విరుపులో వెలువడిన శక్తిని ఏటీపీ అనే అణువులో నిలవ చేసుకుంటుంది. అయితే విరిచే పనిలో గ్లూకోజ్ నుంచి కొంత హైడ్రోజన్ ఊడి వస్తుంది. దానిని ఎక్కడో ఒకచోట దించుకోకపోతే తరువాతి గ్లూకోజ్ అణువును విరవడానికి వీలుండదు. ఆక్సిజన్‌ను వాడుకునే జీవులు ఆ హైడ్రోజన్‌ను చివరకు ఆక్సిజన్‌కు అప్పగించి నీరుగా మారుస్తాయి. పెరుగు బ్యాక్టీరియాకు ఆ దారి లేదు కాబట్టి, విరిగిన ముక్కల మీదనే దానిని తిరిగి దించుతుంది. అలా తయారయ్యేదే లాక్టిక్ ఆమ్లం. ఆక్సిజన్ ప్రమేయం లేకుండా చక్కెర నుంచి శక్తిని తీసే ఈ పద్ధతికి కిణ్వనం అని పేరు; తెలుగువారు పులియడం అనేది కూడా దీనినే.

ఈ చర్యలో పరమాణువుల లెక్క చూడదగినది. లాక్టిక్ ఆమ్లం అణువులో 3 కార్బన్, 6 హైడ్రోజన్, 3 ఆక్సిజన్ పరమాణువులు ఉంటాయి. ఒక లాక్టోజ్, ఒక నీటి అణువు కలిస్తే, గాలక్టోజ్ కూడా ఇదే దారి పట్టినప్పుడు, సరిగ్గా నాలుగు లాక్టిక్ ఆమ్లం అణువులవుతాయి, ఒక్క పరమాణువు మిగలదు, ఒక్కటి తగ్గదు. సమీకరణాలను తుల్యం చేయమని తరగతిలో ఇచ్చే ఉదాహరణలలో ఇంత పొందికైనవి అరుదు. వాయువేదీ బయటికి రాదు గనుకనే పెరుగు గిన్నె పొంగదు; ఇడ్లీ పిండిలో పనిచేసే బ్యాక్టీరియాలో కొన్ని ఆమ్లంతో పాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదులుతాయి కాబట్టి ఆ పిండి రాత్రికి రాత్రి పొంగి గిన్నె అంచు దాటుతుంది.

కిణ్వనంలో దక్కే శక్తి బహు స్వల్పం. ఆక్సిజన్ సాయంతో మనిషి కణం ఒక గ్లూకోజ్ నుంచి దాదాపు 30 ఏటీపీ అణువులను సంపాదించుకుంటే, పెరుగు బ్యాక్టీరియాకు దక్కేవి రెండే. కొద్దిపాటి శక్తి కోసం అది చాలా చక్కెరను విరవవలసి వస్తుంది, అందుకు తగినంత ఆమ్లాన్ని బయట పారబోయవలసి వస్తుంది. మనిషి కమ్మగా తినే పులుపు ఆ సూక్ష్మజీవి లెక్కలో వ్యర్థం.

పులుపును కొలిచే సాధనం పీహెచ్ అనే కొలబద్ద. దీనిని 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు కోపెన్‌హాగెన్‌లో, ఒక బీరు తయారీ సంస్థకు చెందిన ప్రయోగశాలలో పనిచేస్తూ రూపొందించడం కాకతాళీయం కాదు; పులియబెట్టే పరిశ్రమకు పులుపు కొలత ఎప్పుడూ అవసరమే. ఈ కొలబద్దపై 7 తటస్థం, అంతకు తగ్గితే ఆమ్లం, మించితే క్షారం. ఒక్క అంకె తగ్గిందంటే ఆమ్లగుణం పది రెట్లు పెరిగినట్టు. పాల పీహెచ్ సుమారు 6.6, పెరుగుది దాదాపు 4.5, అంటే తెల్లవారేసరికి ఆమ్లగుణం వంద రెట్లకు మించి పెరుగుతుంది.

పాలు గట్టిపడటానికి కారణం ఇక్కడే ఉంది. తాజా పాలలోని కేసిన్ ఉండలు తమ పైభాగాన ఋణ విద్యుదావేశం కలిగి ఉండి, ఒకదానినొకటి దూరంగా నెట్టుకుంటూ ఉంటాయి. ఆమ్లం పెరిగే కొద్దీ అది విడుదల చేసే ధనావేశపు హైడ్రోజన్ అయాన్లు ఆ ఋణావేశాన్ని తగ్గిస్తూ వస్తాయి, ఉండలను లోపల పట్టి ఉంచే కాల్షియం ఫాస్ఫేట్ కూడా కరగసాగుతుంది. పీహెచ్ 4.6 దగ్గర ఆవేశాలు సరిసమానమై, నెట్టుకునే బలం పోయి, ఉండలు ఒకదానికొకటి అంటుకుని వలలా అల్లుకుంటాయి, నీరూ వెన్నా ఆ వల కన్నులలో చిక్కుకుంటాయి. పెరుగును గరిటెతో తీసిన చోట కాసేపటికి ఊరే పసుపుపచ్చని తేట, తెగిన వలలోంచి జారిన నీరే. గిన్నెను కదపవద్దని పెద్దలు చెప్పేది కూడా సగం అల్లిన ఈ వల తెగిపోతుందనే.

తోడుకోవడం, విరగడం అని తెలుగులో రెండు మాటలున్నాయి, వాటి మధ్య తేడా రసాయన శాస్త్రానికి కూడా ఒప్పుదల అయినదే. మరిగే పాలలో నిమ్మరసం పిండితే అక్కడా ఆమ్లమే, అక్కడా కేసినే. కానీ ఆమ్లం ఒక్కసారిగా వచ్చిపడటం వల్ల, వేడి వల్ల, ఉండలకు నెమ్మదిగా అల్లుకునే వ్యవధి దొరకక, దొరికినదానిని దొరికినట్టు పట్టుకుని ముద్దలు కడతాయి, నీరు వేరైపోతుంది. అది విరగడం. బ్యాక్టీరియా ఆమ్లాన్ని గంటల తరబడి కొద్దికొద్దిగా వదులుతుంది కాబట్టి వల ఒకే తీరుగా అల్లుకుంటుంది. అది తోడుకోవడం. పాలను ముందుగా కాచడం వల్ల అక్కరలేని సూక్ష్మజీవులు చావడమే కాక, తేటలో ఉండే ఇతర ప్రొటీన్లు వేడికి మడతలు విప్పుకుని కేసిన్‌కు అతుక్కుని వలను బలపరుస్తాయి. కాచిన పాలు చల్లారకముందే తోడు వేస్తే తోడులోని బ్యాక్టీరియా చనిపోతుంది. చలికాలంలో గిన్నెకు గుడ్డ చుట్టకపోతే బతికి ఉండి కూడా మందగిస్తుంది.

పెరుగును ఇత్తడి, రాగి పాత్రలలో ఉంచరాదన్న నియమానికి కూడా ఈ ఆమ్లమే కారణం. గాలి తగులుతుండగా లాక్టిక్ ఆమ్లం రాగితో చర్య జరిపి, కడుపులో తిప్పే లవణాలను తయారు చేస్తుంది. పూర్వం ఇత్తడి గిన్నెల లోపల కళాయి పూయించడం, అంటే ఆమ్లానికి అంత తేలికగా లొంగని తగరంతో పూత వేయించడం, ఇందుకే.

లాక్టిక్ ఆమ్లాన్ని పులిసిన పాల నుంచి మొదటిసారి వేరు చేసినవాడు షీలే అనే స్వీడన్ దేశపు మందుల తయారీదారు, అది 1780. అది ఎలా పుడుతుందన్న ప్రశ్న మీద తరువాతి శతాబ్దంలో పెద్ద వివాదం నడిచింది. పులియడం ప్రాణంతో పనిలేని రసాయన విఘటన అని జర్మనీలో లీబిగ్ వాదించగా, సజీవ కణాలు లేనిదే అది జరగదని 1857లో ఫ్రాన్స్‌లో పాశ్చర్ నిరూపణలు చూపాడు. 1897లో బుఖ్నర్ అనే జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు ఈస్ట్ కణాలను నూరి, పిండి, ప్రాణమున్న కణం ఒక్కటీ లేని ఆ రసం కూడా చక్కెరను పులియబెట్టగలదని చూపడంతో ఇద్దరి వాదాలలోనూ సగమే నిజమని తేలింది: పనిచేసేది ఎంజైములనే రసాయనాలు, వాటిని తయారు చేయగలిగేది జీవకణం. బుఖ్నర్‌కు 1907లో దక్కిన నోబెల్ బహుమతి రసాయన శాస్త్రంలోనిది.

లాక్టిక్ ఆమ్లం మనిషి కండరాలలో కూడా పుడుతుంది. పరుగు వేగం హెచ్చినప్పుడు ఆక్సిజన్ సరఫరాకు మించిన వేగంతో గ్లూకోజ్ విరగడం వల్ల కండరం కూడా పెరుగు బ్యాక్టీరియా దారినే పడుతుంది. అందుచేత 1920లలో, కండరం ముడుచుకోవడానికి కారణం లాక్టిక్ ఆమ్లమేనన్న సిద్ధాంతం బలంగా ఉండేది. భీమవరంలో 1895లో పుట్టి హార్వర్డ్ వైద్య కళాశాల చేరిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ అనే కొత్త పదార్థాన్ని గుర్తించాడు. కండరం పనిచేసేటప్పుడు అది తరిగిపోయి, విశ్రాంతిలో తిరిగి ఏర్పడటాన్ని వారు చూపారు. 1930లో డెన్మార్క్‌కు చెందిన లండ్స్‌గార్డ్, లాక్టిక్ ఆమ్లం ఏర్పడకుండా విషంతో అడ్డుకున్నా కండరం కొంతసేపు ముడుచుకోగలదని చూపడంతో పాత సిద్ధాంతం కూలింది. గ్లూకోజ్ విరుపులో పెరుగు బ్యాక్టీరియా నిలవ చేసుకునే ఏటీపీని కండరంలో గుర్తించినవారిలో కూడా ఫిస్కే, సుబ్బారావు ఉన్నారు. 1929లో జర్మనీలో లోమన్ విడిగా దానిని కనుగొన్నాడు.

వ్యాయామం చేసిన మర్నాటి ఒళ్లు నొప్పులకు లాక్టిక్ ఆమ్లమే కారణమన్న మాట ఇప్పటికీ వినిపిస్తుంది గానీ, అది సరికాదు. వ్యాయామం ఆపిన గంట, రెండు గంటలలోనే అది కండరాన్ని విడిచిపోతుంది. రక్తంలో కలిసి కాలేయానికి చేరిన భాగం అక్కడ మళ్లీ గ్లూకోజ్‌గా మారుతుంది, గుండెకు చేరిన భాగం గుండె కండరానికి నేరుగా ఇంధనమవుతుంది. పెరుగు గిన్నెలోని బ్యాక్టీరియాకు కాలేయమూ లేదు, గుండే లేదు. వదిలిన ఆమ్లం గిన్నెలోనే పేరుకుని, చివరకు ఆ పులుపులో బ్యాక్టీరియా తానే పెరగలేక ఆగిపోతుంది.