మీకు తెలుసా? పెద్దయ్యాక వయొలిన్ పట్టేవారి కోసం

కర్ణాటక సంగీతంలో వయొలిన్‌ది రెండు వందల ఏళ్ల చరిత్రే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి (1786–1858) మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర దాన్ని నేర్చుకుని మన సంగీతానికి మలిచారు. తెలుగునాట దానికి పెద్దపీట వేసింది ద్వారం వెంకటస్వామి నాయుడు. 1919లో, ఇరవయ్యారేళ్లకే, విజయనగరం సంగీత కళాశాలలో అధ్యాపకుడయ్యారు.

హైదరాబాద్ శివారు పీర్జాదిగూడలో ఆఫీసు నుంచి వచ్చి కమాను పట్టే వారికి అసలు కష్టం ఎడమచేతిలో ఉంటుంది. వీణకు ఉన్నట్టు వయొలిన్‌కు మెట్లు లేవు. వేలు కాస్త జరిగినా స్వరం తప్పుతుంది, చెవే దారి చూపాలి. అందుకే తంబూర శ్రుతి పెట్టుకుని మాయామాళవగౌళలో సరళీ వరుసలు నెమ్మదిగా వాయించడం ఎంతో మేలు. మెట్లు లేకపోవడమే గమకానికి వరం కూడా: వేలు తీగపై జారుతూ గొంతులా పలికిస్తుంది.

మన పద్ధతిలో నాలుగు తీగలనూ స-ప-స-ప గా శ్రుతి చేస్తారు. నేల మీద కూర్చుని వాయిద్యం తలను కుడి పాదం మీద ఆనిస్తారు. పిల్లలకైతే ఎదిగేకొద్దీ సైజు మార్చాలి. పెద్దలకు ఫుల్ సైజు ఒక్కసారి కొంటే చాలు.

అపార్టుమెంట్లో రాత్రి సాధనకు బ్రిడ్జి మీద రబ్బరు మ్యూట్ తగిలిస్తే శబ్దం బాగా తగ్గుతుంది. నగరంలో పద్ధతిగా నేర్చుకోవాలంటే రాంకోటిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాల ఉంది.