పంపడం సరే, రావడం ఎలా?

ఏటా వానలు మొదలయ్యే రోజుల్లో మన సంఘాల్లోని కొన్ని ఇళ్ళలో ఒకే రకమైన సందడి కనిపిస్తుంది. ఇంటర్మీడియట్ ముగించిన అబ్బాయికో అమ్మాయికో దూరాన ఎక్కడో సీటు వస్తుంది. ట్రంకు పెట్టె, దుప్పటి, స్టీలు కంచం, బకెట్టు, సర్టిఫికెట్ల సంచి ఒక్కొక్కటిగా గుమ్మం దగ్గరికి చేరతాయి. ఆదివారం ఆరాధనలో అయ్యగారు ఆ బిడ్డ పేరు చెప్పి ప్రార్థన చేస్తారు. తరువాత మందిరం బయట చెట్టు కింద అందరూ అడిగేవి రెండే ప్రశ్నలు. ఫీజు ఎంత? హాస్టల్లో తిండి ఎలా ఉంటుంది? సెలవులకు ఆ బిడ్డ ఇంటికి ఏ దారిన వస్తుందని అడిగినవారిని మేము చూడలేదు. మమ్మల్నీ ఎవరూ అడగలేదు. ఒక్కరైనా అడిగి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లెటూరు. కొద్దిపాటి వరి పొలం, ఒక గేదె, ఇద్దరు బిడ్డలు. 2022లో మా పెద్దమ్మాయికి వేలూరులో ఒక నర్సింగు కళాశాలలో సీటు వచ్చింది. వేలూరు పేరు మన ఇళ్ళలో కొత్తది కాదు. 1900లో ఐడా స్కడ్డర్ దొరసాని ఒకే ఒక్క మంచంతో ఆసుపత్రి మొదలుపెట్టిన ఊరు. 1909లోనే అక్కడ నర్సులకు శిక్షణ ప్రారంభమైంది. జబ్బు ముదిరితే "వేలూరు తీసుకెళ్ళండి" అనే మాట మా తాతలనాటినుంచి వింటున్నదే. మా అమ్మాయి చేరింది ఆ పెద్ద ఆసుపత్రివారి కళాశాలలో కాదు, ఆ వైపే ఉన్న మరొక చిన్న కళాశాలలో. అయినా వేలూరు అనేసరికి మాకు సగం భయం తీరిపోయింది. తెలిసిన ఊరే కదా అనుకొన్నాము.

ఊరి పేరు తెలిస్తే దారి తెలిసినట్టు కాదు. వేలూరుకు పెద్ద రైళ్ళు ఆగే స్టేషను కాట్పాడి. అక్కడ దిగి, పాలారు వంతెన దాటి, టౌను బస్సులోనో ఆటోలోనో వేలూరు చేరాలి. మన వైపునుంచి వెళ్ళే బండి విజయవాడ, నెల్లూరు, గూడూరు, తిరుపతి, చిత్తూరు దాటుకొని కాట్పాడి చేరుతుంది. కాకినాడనుంచి బెంగళూరు వెళ్ళే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌ది ఈ దారే. రాత్రంతా ప్రయాణం. అక్కడ టౌను బస్సుల మీద ఊళ్ళ పేర్లు తమిళంలో ఉంటాయి. మా అమ్మాయి మొదటి వారంలోనే బస్సు నంబర్లు కాగితం మీద రాసుకొని బట్టీ పట్టింది. మాకైతే చివరిదాకా ఆటోలే గతి అయ్యాయి.

చేర్పించడానికి ముగ్గురమూ వెళ్ళాము. వెళ్ళడానికి బెర్తులు రిజర్వు చేయించాము. పెట్టెకు గొలుసూ తాళమూ కొన్నాము. నాయనమ్మ పట్టుబట్టి ఇచ్చిన ఆవకాయ జాడీకి నాలుగు గుడ్డలు చుట్టాము. అయినా ఒంగోలు రాకముందే నూనె కారి దుప్పటి పాడైంది. (బకెట్టు, కంచం, దుప్పటి ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి. గోదావరి జిల్లానుంచి బకెట్టు మోసుకొని వెళ్ళడం ఎందుకని అప్పుడు మాకు తోచలేదు.) అయితే మా ఇద్దరికీ తిరుగు టికెట్టు తీయలేదు. అక్కడ పని ఎన్ని రోజులు పడుతుందో ఎవరికి తెలుసు అనుకొన్నాము. పని మధ్యాహ్నానికే అయిపోయింది. "ఇక తల్లిదండ్రులు వెళ్ళవచ్చు" అన్నారు వార్డెను. ఆ సాయంత్రం కాట్పాడిలో జనరల్ పెట్టె ఎక్కి, గూడూరు దాకా నిలబడి, అక్కడినుంచి విజయవాడ దాకా తలుపు దగ్గర సంచి మీద కూర్చొని వచ్చాము. మాలో ఒకరికి మోకాళ్ళ నొప్పులు. ఎవరికో చెప్పనక్కరలేదు, ఆ ఒకరు ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటారు.

అది మా కష్టం, పోయింది. అసలు సంగతి ఆ సంవత్సరం క్రిస్మసుకు జరిగింది.

సెలవుల తేదీ కళాశాలవారు చెప్పాక టికెట్టు తీద్దామని ఊరుకొన్నాము. డిసెంబరులో మా ఇంట్లో కోతలు, నూర్పిళ్ళు, మందిరానికి సున్నాలు. తేదీ తెలిసి తాడేపల్లిగూడెంలో నెట్ సెంటరుకు వెళ్తే పెద్ద వెయిటింగ్ లిస్టు చూపించాడు. అప్పట్లో నాలుగు నెలల ముందే టికెట్లు ఇచ్చేవారని మాకు అప్పుడే తెలిసింది. "పండుగకు చాలామంది రద్దు చేసుకొంటారు లెండి" అని ఆ అబ్బాయి ధైర్యం చెప్పాడు. పండుగకు ఎవరైనా ప్రయాణం రద్దు చేసుకొంటారా? ఆ మాట మేమూ నమ్మాము. బయలుదేరవలసిన రోజున చార్టు తయారయ్యాక టికెట్టు దానంతటదే రద్దయిపోయింది.

మా అమ్మాయి, ఒంగోలు వైపు అమ్మాయి, ఏలూరు వైపు అమ్మాయి ముగ్గురూ కలిసి బస్సులో తిరుపతి వచ్చారు. అక్కడినుంచి మన వైపు బండ్లు ఎక్కువ ఉంటాయని ఎవరో చెప్పారట, అది నిజమే. కానీ దొరికిన బండిలో జనరల్ పెట్టె కిటకిటలాడుతోంది. పైగా ఆ బండి విజయవాడలో కాజీపేట వైపు తిరిగిపోతుంది. రాత్రి తొమ్మిదింటికి "గూడూరు దాటాము" అని ఫోను వచ్చింది. పదకొండుకు చేస్తే స్విచాఫ్. ఏలూరు అమ్మాయి తల్లిదండ్రులకు చేద్దామంటే వాళ్ళ నంబరు మా దగ్గర లేదు. వాళ్ళ ఊరి పేరు కూడా తెలియదు. తెల్లవార్లూ ఇద్దరమూ వసారాలో కూర్చొన్నాము. ప్రార్థన చేస్తే మాటలు మధ్యలోనే ఆగిపోయేవి. నాలుగు గంటలవుతుండగా కొత్త నంబరునుంచి ఫోను. "నాన్నా, విజయవాడ స్టేషనులో ఆడవాళ్ళ వెయిటింగు హాల్లో ఉన్నాము. బాగానే ఉన్నాము. ఇది పక్కన కూర్చొన్న మామ్మగారి ఫోను, పెట్టేస్తున్నా."

ఆ పేరు తెలియని మామ్మగారిని తలుచుకోని క్రిస్మసు మాకు తరువాత రాలేదు.

24వ తేదీ పొద్దున్న ఇల్లు చేరింది. అన్నం తింటూ, కోపమేమీ లేకుండా, "నన్ను పంపడానికి అన్నీ చూశారు కదమ్మా, రావడానికి ఏమీ చూడలేదేంటి?" అంది. ఏం చెప్తాము?

అప్పటినుంచి మేము నేర్చుకొన్నది కొంత మీకు చెప్పాలనే ఈ వ్యాసం. కళాశాలలో చేర్చిన రోజునే సంవత్సరపు సెలవుల పట్టిక అడిగి తెచ్చుకోవాలి. అది లేకపోయినా పండుగ తేదీలు మారవు కదా. 2024 నవంబరు 1నుంచి రైలు రిజర్వేషను 60 రోజుల ముందు మొదలవుతోంది, ప్రయాణపు రోజును లెక్కలో కలపకుండా. అంటే డిసెంబరు 22న బయలుదేరే బిడ్డకు టికెట్టు అక్టోబరు 23న, ఉదయం 8 గంటలకు తీయాలి. జనవరి 2న తిరిగి వెళ్ళడానికి నవంబరు 3న. ఈ రెండు తేదీలూ మా ఇంట్లో గోడ క్యాలెండరు మీద ఎర్రసిరాతో ఉంటాయి. సంక్రాంతి ఇంకా కష్టం. మనకు సంక్రాంతి, వాళ్ళకు పొంగలు ఒకే రోజుల్లో రావడంతో రెండు రాష్ట్రాలవాళ్ళూ ఒకేసారి కదులుతారు. ఆ నాలుగు రోజులకు రాకపోతే మేలని మేము మా అమ్మాయికి నచ్చజెప్పాము. అరిసెలు మటుకు పార్సిలు వెళ్తాయి.

ఇంటికి వచ్చే విద్యార్థులకు స్లీపరు, సెకండు క్లాసుల్లో రైల్వేవారు సగం ఛార్జీ తగ్గిస్తారు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం. 2020లో చాలా రాయితీలు తీసివేసినా విద్యార్థుల రాయితీ మిగిలింది. దానికి కళాశాల ఆఫీసు సంతకంతో ఫారం కావాలి, టికెట్టు స్టేషను కౌంటరులోనే తీయాలి. ఆ ఫారం చేతికి రావడానికి రోజులు పట్టవచ్చు కనుక మా అమ్మాయి ముందుగానే అడిగి పెట్టుకొంటుంది. చాలామంది పిల్లలు క్యూలో నిలబడలేక ఫోనులో పూర్తి ఛార్జీ పెట్టి కొనేస్తారు. తప్పనము గాని, రానూపోనూ ఏడాదికి మూడు నాలుగు సార్లు లెక్క వేస్తే మనబోటివాళ్ళకు అది చిన్న మొత్తం కాదు. ఇంకొక సంగతి: దూరపు ఎక్స్‌ప్రెస్ బండ్ల స్లీపరు క్లాసులో ఆడవాళ్ళకు ఆరు బెర్తులు వేరుగా ఉంచుతారు. ఒంటరిగా వచ్చే ఆడపిల్లకు ఆ కోటాలో అడిగి చూడవచ్చు. వెయిటింగ్ లిస్టు టికెట్టుతో స్లీపరు పెట్టె ఎక్కకూడదు; ఆర్.ఏ.సి. అయితే కూర్చొని రావడానికి చోటు దొరుకుతుంది. తప్పనిసరి అయితే ముందురోజు 11 గంటలకు స్లీపరుకు తత్కాల్ తెరుస్తారు. దానినే నమ్ముకొని మటుకు ఉండవద్దు.

బండిని ఎంచుకొనేటప్పుడు బయలుదేరే వేళ చూస్తాము గాని దిగే వేళ చూడము. కాట్పాడిలో తెల్లవారాక దిగే బండి మంచిది. బస్సులుంటాయి, హాస్టలు గేటు తీసి ఉంటుంది. తాడేపల్లిగూడెంలో తెల్లవారుజామున దిగే బండి అయితే ఇంటినుంచి ఒకరు స్టేషనులో ఉండవలసిందే. పల్లెకు మొదటి బస్సు వచ్చేదాకా బిడ్డను ప్లాట్‌ఫారం మీద ఉంచలేము. బండి ఆలస్యమో కాదో 139కి ఫోను చేస్తే చెప్తారు. ప్రయాణంలో ఇబ్బంది వచ్చినా ఆ నంబరే. తోటి పిల్లల తల్లిదండ్రుల నంబర్లు ఇప్పుడు మా బైబిలు వెనుక అట్టకు అంటించిన కాగితం మీద ఉన్నాయి. మా అమ్మాయి సంచిలోనూ అలాంటి కాగితం ఒకటి ఉంటుంది. ఫోను చల్లబడితే కాగితం పనికివస్తుంది.

"ఆడపిల్లను ఒంటరిగా రైల్లో ఎలా రానిస్తారు?" అని మా సంఘంలో పెద్దలు అడిగారు. వారి భయం అర్థం లేనిది కాదు. కానీ ప్రతిసారీ తండ్రి వెళ్ళి తీసుకురావాలంటే రెండు ఛార్జీలు, మూడు రోజుల పని పోతాయి. మాకు తెలిసిన ఒక కుటుంబం ఈ కారణంతోనే మొదటి సంవత్సరం కాగానే అమ్మాయిని చదువు మాన్పించి తెచ్చుకొంది. ఫీజు కట్టగలిగారు, ప్రయాణం చేయించలేకపోయారు. ఆ అమ్మాయిని మందిరంలో చూసినప్పుడల్లా మాకు మనసు కలుక్కుమంటుంది. మేము మొదటి ఏడు మిగతా సెలవులకు వెళ్ళి తెచ్చుకొన్నాము. రెండో ఏడు ఆ ముగ్గురు అమ్మాయిలకూ ఒకే పెట్టెలో టికెట్లు తీశాము. మూడో ఏటినుంచి ఒంటరిగా వస్తోంది.

మూడో ఏటనే మా అత్తగారు, అంటే ఆ ఆవకాయ జాడీ ఇచ్చిన నాయనమ్మ, కన్నుమూశారు. రాత్రి పదింటికి బిడ్డకు చెప్పాలా వద్దా అని మేమిద్దరమూ వాదించుకొన్నాము. ఒకరు చెబుదామన్నారు, ఒకరు పరీక్షలన్నారు. చివరకు చెప్పాము. ఆమె ఒక్క నిమిషం ఏడ్చి, "నా కోసం ఆపవద్దు. పొద్దున్నే తిరుపతి బస్సు పట్టుకొంటాను, అక్కడినుంచి చూసుకొంటాను" అంది. తిరుపతిలో కూర్చొనే చోటు దొరికింది. దారి పొడుగునా పెద్ద స్టేషను వచ్చినప్పుడల్లా ఫోను చేసింది. భూస్థాపన అయిపోయిన ఆరు గంటలకు వచ్చింది. చీకట్లో లాంతరు పట్టుకొని సమాధి దగ్గరికి వెళ్ళాము. అందుకోలేకపోయింది, అది మాకు బాధే. అయితే ఆ పగలంతా బిడ్డ ఎక్కడుందో మాకు తెలుసు.

ఇది ఆమె చదువు చివరి సంవత్సరం. పట్టా ఇచ్చే రోజుకు తల్లిదండ్రులు రావాలట. ఎలా వెళ్ళాలా అని మేము క్యాలెండరు తీసి రోజులు లెక్కపెడుతుండగా ఫోను వచ్చింది.

"అమ్మా, మీ ఇద్దరికీ టికెట్లు తీశాను. నీకు కింది బెర్తే వచ్చింది. తిరుగు టికెట్లు కూడా తీసేశాను."