అక్టోబర్‌లో అమెరికా వెళ్లారా? ట్యాక్స్ ఫైలింగ్‌లో తొందరొద్దు!

2024 అక్టోబర్ 1న హెచ్1బీ మీద భార్యతో కలిసి డాలస్‌లో దిగిన కుర్రాడొకడు ఉన్నాడనుకుందాం. కొత్త ఏడాదిలో కంపెనీ డబ్ల్యూ-2 ఇచ్చింది. ‘జాయింట్‌గా ఫైల్ చేసెయ్ రా, రీఫండ్ బాగా వస్తుంది’ అన్నారు ఫ్రెండ్స్. బోల్తా పడేది ఇక్కడే.

ఐఆర్ఎస్ ముందు లెక్కపెట్టేది రోజుల్ని. ఈ ఏడాది అక్కడున్న రోజులు, నిరుటి రోజుల్లో మూడో వంతు, అంతకుముందు ఏడాదివాటిలో ఆరో వంతు... అన్నీ కలిపి 183 అవ్వాలి. మనవాడివి 92 రోజులే. కాబట్టి నాన్ రెసిడెంట్. ఫారం 1040-ఎన్ఆర్ వెయ్యాలి. జాయింట్ కుదరదు, స్టాండర్డ్ డిడక్షన్ కూడా ఉండదు.

మరి దారి లేదా? ఉంది. దాని పేరు ‘ఫస్ట్ ఇయర్ ఛాయిస్’. ఫారం 4868తో గడువు అక్టోబర్ 15 దాకా పెంచుకోవాలి. మధ్యలో ఇండియా ట్రిప్ వెయ్యకపోతే 2025 జూన్ మొదటి వారానికి 183 లెక్క పూర్తవుతుంది. అప్పుడు దంపతులిద్దరూ 2024 ఏడాదంతా రెసిడెంట్లుగానే జాయింట్‌గా ఫైల్ చెయ్యొచ్చు. డిడక్షన్ 29,200 డాలర్లు! హెచ్4 భార్యకి ఎస్ఎస్ఎన్ లేకపోతే రిటర్న్‌తోపాటే డబ్ల్యూ-7 జతచేసి ఐటీఐఎన్ తీసుకోవాలి.

మెలిక కూడా ఉంది. సెప్టెంబర్ దాకా హైదరాబాద్‌లో తీసుకున్న జీతం, ఇద్దరి ఎఫ్‌డీల వడ్డీ అన్నీ చూపించాలి. ఇండియాలో కట్టిన పన్నుకి ఫారం 1116 ద్వారా క్రెడిట్ అడగొచ్చు. అందుకే రెండు విధాలా లెక్కేసి, ఏది తక్కువైతే అది ఎంచుకోండి.

ఒక్కటి మర్చిపోకండి: గడువు పెరిగేది ఫైలింగ్‌కే. కట్టాల్సిన పన్ను ఉంటే మాత్రం ఏప్రిల్ 15లోపే కట్టెయ్యాలి.