సముద్రంలోకి ఒంటరిగా పిల్లలు: షౌక్ ఎంతవరకు, ఖతరా ఎక్కడ?

పదహారేళ్ల అమ్మాయి ఒక్కతే తెరచాప పడవలో ప్రపంచం చుట్టి వచ్చింది. ఇది కథ కాదు, నిజంగా జరిగింది. నెదర్లాండ్స్‌కు చెందిన లారా డెక్కర్ 2012 జనవరి 21న కరీబియన్‌లోని సింట్ మార్టెన్ దీవికి చేరి ఈ ప్రయాణం పూర్తి చేసింది. బయల్దేరినప్పుడు ఆమెకు 14 ఏళ్లే. ఇలాంటి వీడియోలు ఫోన్లో చూసి "అమ్మీ, నేను కూడా వెళ్తా" అనే పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలోనూ ఉన్నారు.

పాతబస్తీలో సముద్రం ఎక్కడుంది అని నవ్వేసి ఊరుకుంటే సరిపోదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం రేవు నుంచి పర్షియాకు, ఎర్ర సముద్రానికి ఓడలు వెళ్లేవి. ఈరోజు చార్మినార్ నుంచి బస్సెక్కితే కాసేపట్లో హుస్సేన్‌సాగర్ వస్తుంది. అక్కడ పిల్లలు తెరచాప పడవలు నడుపుతున్నారు. సుహేమ్ షేక్ 2009లో మొదలుపెట్టిన యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పేద ఇళ్ల పిల్లలకు కూడా సెయిలింగ్ నేర్పిస్తోంది. కాబట్టి ప్రశ్న మన గడప దాకా వచ్చినట్టే. పిల్లలకు ఇజాజత్ ఎంతవరకు ఇవ్వాలి? ఎక్కడ ఆపాలి?

చెరువులో ఒంటరి, సముద్రంలో ఒంటరి ఒకటి కాదు

సెయిలింగ్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా 'ఆప్టిమిస్ట్' అనే చిన్న పడవతో మొదలుపెడతారు. దాని పొడవు దాదాపు 2.3 మీటర్లు. 15 ఏళ్ల వరకు పిల్లలు ఇందులో పోటీ పడతారు. పడవలో ఒక్కరే కూర్చుంటారు. అంటే పదేళ్ల పిల్ల కూడా 'సోలో'గానే నడుపుతుంది. గాలి ఎటు వీస్తోంది, తెరచాప ఎంత లాగాలి, ఎప్పుడు తిప్పాలి, అన్నీ తనే తేల్చుకోవాలి. పిల్లలకు జిమ్మేదారి నేర్పడానికి ఇది మంచి పద్ధతే.

కానీ అక్కడ ఒంట్లో లైఫ్ జాకెట్ ఉంటుంది. కోచ్ చూస్తుంటాడు, పక్కనే మోటారు పడవ తిరుగుతుంటుంది. పడవ తిరగబడితే నిమిషాల్లో మనిషి వస్తాడు. సాయంత్రానికి పిల్ల ఇంటికి వస్తుంది. నడి సముద్రంలో ఇవేవీ ఉండవు. సహాయం రావడానికి రోజులు పట్టొచ్చు. అసలు తేడా ఇదే.

అసలు ప్రమాదం నిద్ర

తుఫాను, పెద్ద అల అంటే అందరికీ భయమే. కానీ ఒంటరి ప్రయాణంలో రోజూ వెంటాడే ప్రమాదం నిద్ర. సముద్రంలో ప్రతి పడవ మీదా ఎల్లప్పుడూ ఎవరో ఒకరు కళ్లతో, చెవులతో కాపలా ఉండాలని అంతర్జాతీయ నిబంధనల్లో 5వ నియమం చెబుతుంది. ఒక్కరే ఉన్న పడవలో ఇది సాధ్యమయ్యే పని కాదు. అందుకే ఒంటరి నావికులు 15, 20 నిమిషాల చొప్పున అలారం పెట్టుకుని నిద్రపోతారు. దూరంగా అంచున కనిపించిన పెద్ద ఓడ దగ్గరికి రావడానికి దాదాపు అంతే సమయం పడుతుంది మరి.

13 నుంచి 18 ఏళ్ల వయసు వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఆ వయసులోనే నెలల తరబడి ముక్కలు ముక్కలుగా నిద్రపోతూ, తప్పు చేస్తే ప్రాణం మీదికి వచ్చే నిర్ణయాలు తీసుకోవాలి. ధైర్యం ఎంత ఉన్నా శరీరం ఒప్పుకోదు.

ఆస్ట్రేలియా అమ్మాయి జెస్సికా వాట్సన్ విషయంలో ఇది ముందే తెలిసింది. 2009 సెప్టెంబర్‌లో, అసలు యాత్రకు ముందు చేసిన ప్రయాణంలోనే ఆమె పడవ రాత్రిపూట 'సిల్వర్ యాంగ్' అనే భారీ సరుకు ఓడను ఢీకొంది. రెండు వైపులా కాపలా సరిగ్గా లేదని ఆ దేశ రవాణా భద్రతా సంస్థ విచారణలో తేల్చింది. పడవ బాగుచేసుకుని ఆమె మళ్లీ బయల్దేరింది. 210 రోజుల తర్వాత 2010 మే 15న సిడ్నీ చేరింది. 17 నిండడానికి అప్పటికి ఇంకా మూడు రోజులుంది.

అందరూ అలా తిరిగి రాలేదు

అదే సంవత్సరం అమెరికాకు చెందిన 16 ఏళ్ల ఆబీ సండర్‌ల్యాండ్ కూడా ఒంటరిగా బయల్దేరింది. జూన్ 10న హిందూ మహాసముద్రం మధ్యలో పెద్ద అల కొట్టి పడవ తిరగబడింది, తెరచాప స్తంభం విరిగిపోయింది. ఆ సమయం అక్కడ చలికాలం, సముద్రం బాగా అల్లకల్లోలంగా ఉంటుంది. ఆమె ప్రమాద సంకేతం పంపే యంత్రాన్ని ఆన్ చేసింది. ఆస్ట్రేలియా నుంచి వెళ్లిన విమానం ఆమెను గుర్తించింది. ఒక ఫ్రెంచ్ చేపల ఓడ జూన్ 12న కాపాడింది. ప్రాణం దక్కింది కానీ పడవను అక్కడే వదిలేయాల్సి వచ్చింది. అది ఎనిమిదేళ్ల తర్వాత, 2018 డిసెంబర్ 31న, ఆస్ట్రేలియా కంగారూ దీవి దగ్గర తేలుతూ కనిపించింది.

వయసు పెరిగితే ప్రమాదం పోతుందా? పోదు. మన నౌకాదళ అధికారి అభిలాష్ టోమీ 2013లోనే ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచం చుట్టిన వ్యక్తి. ఆయన కూడా 2018 సెప్టెంబర్‌లో గోల్డెన్ గ్లోబ్ రేసులో వెన్నుకు దెబ్బ తగిలి పడవలో కదల్లేక పడిపోయారు. మూడు రోజులకు ఫ్రెంచ్ నౌక ఒకటి వచ్చి కాపాడింది. సముద్రం ఎవరికీ రియాయితీ ఇవ్వదు. కానీ ఆయన పెద్దవాడు, ఏళ్ల శిక్షణ ఉన్నవాడు, ఆ ఖతరా తెలిసి తనే ఒప్పుకున్నవాడు. 14 ఏళ్ల పిల్ల తరఫున ఆ ఒప్పుకోలు తల్లిదండ్రులు ఇస్తారు. అందుకే ఈ బరువు పిల్లలది కాదు, పెద్దలది.

కోర్టు ఏం చెప్పింది?

లారా డెక్కర్ 13 ఏళ్లకే వెళ్తానంటే తండ్రి సరేనన్నాడు. డచ్ అధికారులు ఒప్పుకోలేదు. 2009లో కోర్టు ఆమెను పిల్లల సంరక్షణ శాఖ పర్యవేక్షణలో పెట్టింది. అలాగని దారి పూర్తిగా మూసేయలేదు. ఆమె పెద్ద పడవ చూసుకుంది, ప్రథమ చికిత్స నేర్చుకుంది, తక్కువ నిద్రతో ఎలా నెట్టుకురావాలో సాధన చేసింది. 2010 జూలైలో కోర్టు పర్యవేక్షణ ఎత్తేసింది. ఆమె దారిలో రేవుల్లో ఆగుతూ వెళ్లింది. అంటే ఆమెను 'వద్దు' అన్నవాళ్ల వల్ల కూడా ఆ ప్రయాణం కాస్త పదిలమైంది.

ఇంకో మాట. సెయిలింగ్ రికార్డులు చూసే వరల్డ్ సెయిలింగ్ స్పీడ్ రికార్డ్ కౌన్సిల్ 'అతి చిన్న వయసు' అనే రికార్డునే గుర్తించదు. గుర్తిస్తే ప్రతిసారీ ఇంకా చిన్న పిల్లల్ని పంపే పోటీ మొదలవుతుంది.

మన దగ్గరి రెండు ఉదాహరణలు

నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. మరి అది ఖతరా కాదా? ఖతరానే, దాని మీద కూడా ప్రశ్నలు వేయొచ్చు. కానీ ఆమెను భువనగిరి కొండ దగ్గర మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్ దాకా మెట్టు మెట్టుగా తయారు చేశారు. శిఖరం మీదికి కూడా ఒంటరిగా వెళ్లలేదు. తోటి విద్యార్థి ఆనంద్ కుమార్, షెర్పాలు వెంట ఉన్నారు. ఆగిపోదాం అని చెప్పగల పెద్దవాళ్లు పక్కనే ఉన్నారు.

రెండోది సముద్రం సంగతే. 2017 సెప్టెంబర్ 10న గోవా నుంచి 'తారిణి' పడవలో ఆరుగురు మహిళా నౌకాదళ అధికారులు బయల్దేరారు. నాలుగు రేవుల్లో ఆగడానికి ప్లాన్ వేసుకుని, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చారు. ఆ ఆరుగురిలో బొడ్డపాటి ఐశ్వర్య మన హైదరాబాద్ అమ్మాయి, పాతర్లపల్లి స్వాతి విశాఖ అమ్మాయి. ఒకరు నిద్రపోతే ఇంకొకరు కాపలా. ఆడపిల్లకు సముద్రం ఎందుకు అనేవాళ్లకు ఈ ప్రయాణమే జవాబు.

ఇంట్లో ఏం చెప్పాలి?

పద్దెనిమిది నిండని పిల్లల్ని నడి సముద్రంలోకి ఒంటరిగా పంపడం సరికాదు. ఒకరిద్దరు గెలిచి వచ్చినంత మాత్రాన అది అందరికీ దారి కాదు. అయితే 'వద్దు' అన్న ఒక్క మాటతో పిల్లల షౌక్‌ను చంపేయడం కూడా తప్పే. ముందు ఈత నేర్పించండి. తర్వాత చెరువులో కోచ్ దగ్గర సెయిలింగ్ నేర్పించండి. చేర్పించే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినైనా నీళ్లలోకి దింపుతారా? కాపాడే పడవ ఎప్పుడూ ఉంటుందా? ఒక్కో కోచ్ ఎంతమంది పిల్లల్ని చూస్తాడు? గాలి ఎక్కువైతే ఆపేది ఎవరు? జవాబు సూటిగా రాకపోతే పిల్లల్ని చేర్పించకండి.

సముద్రం మీద మనసు నిజంగా ఉంటే మొదట జట్టుతో వెళ్లొచ్చు, నౌకాదళంలో చేరొచ్చు. ఒంటరి ప్రయాణం ఆ తర్వాతి మాట. అప్పటికి వాళ్లే పెద్దవాళ్లు, ఆ నిర్ణయం వాళ్లదే.